అంటుకునే మెడ

సోమవారం ఉదయం మాస్టారు పెట్టుకున్న పనులు మూడే. గిటారు తీసుకుని పాలిష్ మేస్త్రి దగ్గరికి వెళ్లడం, దాని మెడకు కొత్త పూత వేయమని ఇచ్చి రావడం, భోజనం వేళకు ఇల్లు చేరడం. బడికి సెలవులు. పాతికేళ్లుగా పిల్లలకు సైన్సు చెబుతున్న మనిషికి సెలవుల్లో అంతకన్నా బరువైన పని నెత్తికెత్తుకోవాలన్న కోరిక లేదు.

గిటారు ఆయన భార్యది. కాలేజీలో ఉన్నప్పుడు ఆమె, మరో ముగ్గురు స్నేహితురాళ్లు కలిసి పాడేవారు. తర్వాత ఉద్యోగాలు వచ్చాయి, సంసారాలు వచ్చాయి, గిటారు అటకెక్కింది. ఇరవై రెండేళ్లకు ఆ నలుగురూ మళ్లీ కలిసి, ఈ శనివారం సాయంత్రం లైబ్రరీ హాల్లో ఐదు పాటలు పాడదామనుకున్నారు. పగలంతా కళ్లద్దాల దుకాణంలో పనిచేసి వచ్చి, ఆమె రోజూ గంటసేపు సాధన చేస్తోంది. అంతా బాగానే ఉంది గానీ, రెండో పాటలో చెయ్యి గిటారు మెడ మీద ఒక్క ఊపున జారాల్సిన చోట బొటనవేలు ఆగిపోతోంది. పాత పూత కొన్నిచోట్ల పెచ్చులు లేచింది, మధ్యలో మెత్తబడి జిగురెక్కింది.

“ఇదిగో, ఇక్కడిదాకా వచ్చి అతుక్కుపోతోంది,” అంది ఆమె, బొటనవేలు ఆనించి చూపిస్తూ. “శనివారం అందరి ముందూ ఇలాగే ఆగిపోయిందనుకోండి, ఇంక దీన్ని జన్మలో ముట్టుకోను.”

ఆ మాట ఆమె మామూలుగానే అంది. మామూలుగా అన్నది కాబట్టే మాస్టారికి భయం వేసింది.

“గురువారానికల్లా కావాలి. మేస్త్రికి ఇచ్చేసి వచ్చెయ్యండి. పరిశోధన పెట్టుకోకండి.”

“పూతలో పరిశోధన ఏముంటుంది?” అన్నారు మాస్టారు.

పేపరు చదువుతున్న అత్తగారు కళ్లద్దాల పైనుంచి అల్లుడిని ఒకసారి చూసి, మళ్లీ పేపర్లోకి వెళ్లిపోయారు. పోయినేడు కారుతున్న కుళాయికి వాషర్ మార్చమంటే, చుక్కకీ చుక్కకీ మధ్య ఎన్ని సెకన్లు పడుతుందో, ఆ లెక్క పగటికీ రాత్రికీ ఎందుకు తేడా వస్తుందో నాలుగు రోజులు రాసుకున్న అల్లుడాయన.

పాలిష్ మేస్త్రి గిటారును బోర్లా తిప్పి, మెడను గోటితో గీకి, వాసన చూశాడు.

“వార్నిష్ వెయ్యొచ్చండీ. గట్టిగా ఉంటుంది, కానీ చెమట చేతికి జిగురెక్కొచ్చు. లాకర్ అయితే అద్దంలా ఉంటుంది, దెబ్బ తగిలితే పెచ్చు ఊడుతుంది. లక్క పాలిష్ చూడ్డానికి అందం, స్పిరిట్ చుక్క పడిందా పోయినట్టే. అవిసె నూనె చేతికి హాయి, ఆరేదాకా ఓపిక పట్టాలి. తేనెమైనం మెత్తన, అస్తమానం రాసుకుంటూ ఉండాలి.”

“ఇందులో ఏది మంచిది?”

“అది పట్టుకునే చేతిని బట్టండీ.”

ఈ ఒక్క మాట అనకుండా ఉంటే కథ అక్కడితో అయిపోయేది. మాస్టారి కళ్లలో వెలుగు వచ్చింది. “ఏ చేతికి ఏది నప్పుతుందో ఎవరైనా పెట్టి చూశారా?”

“ఎవరికండీ అంత తీరిక?” అన్నాడు మేస్త్రి.

తీరిక ఉన్న మనిషి అరగంట తర్వాత ఐదు చిన్న సీసాలు, ఒక టర్పెంటైన్ బుడ్డి, నాలుగు రకాల గరుకు కాగితాలు, గిటారుతో సహా ఇంటికి బయల్దేరారు.

ఇంటికొచ్చి తీగలు విప్పేశారు. మేస్త్రి చెప్పిన పద్ధతిలో మెడ మీది పాత పూతను గరుకు కాగితంతో మెల్లగా గీకి పచ్చి కర్ర తేల్చారు. గిటారును మంచం మీద పడుకోబెట్టి, మెడ వాలకుండా తల కింద దిండు పెట్టారు. ఇక ఐదు పూతలనూ దేనిమీద పరీక్షించాలన్నది ప్రశ్న. గొడుగు పిడి పొట్టి. చీపురు కర్ర సన్నం. చెక్క ముక్కను ఎవరు పట్టుకుంటారు? మెడలాగా గుండ్రంగా ఉండాలి, దానిమీద చేతులు జారాలి, అవి రకరకాల చేతులై ఉండాలి. ఆలోచిస్తూ మాస్టారు తలుపు తీసి, మెట్ల పక్కనున్న కర్ర రెయిలింగ్ మీద చెయ్యి ఆనించి, అలాగే నిలబడిపోయారు.

నాలుగంతస్తుల భవనం. లిఫ్టు లేదు. పన్నెండు కుటుంబాలు రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉంటాయి.

“ఇన్నేళ్లూ నేను ఓ ప్రయోగశాలలో మెట్లెక్కుతున్నానండీ అత్తయ్యగారూ,” అన్నారు.

“మన బిల్డింగు సెక్రటరీని అడిగారా బాబూ?”

“ఐదు మూరల ముక్కే కదా. ఆరాక చెప్తాను.”

రెండో అంతస్తుకూ తామున్న మూడో అంతస్తుకూ మధ్య రెయిలింగ్‌ను ఐదు భాగాలుగా కొలిచి, నునుపు చేసి, ఒక్కోదానికి ఒక్కో పూత రాశారు. వరసగా వార్నిష్, లాకర్, లక్క, నూనె, మైనం. మధ్య మధ్య దారం కట్టి ఒకటి నుంచి ఐదు వరకు అంకెలు వేసిన చీటీలు తగిలించారు. పేర్లు రాయలేదు. పేరు తెలిస్తే చెయ్యి నిజం చెప్పదని ఆయన నమ్మకం. అవిసె నూనె అంటిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి పొగ లేస్తాయని మేస్త్రి హెచ్చరించాడు కాబట్టి, వాటిని బాల్కనీలో తీగ మీద విడివిడిగా ఆరేశారు. నిజంగా పొగ లేస్తుందా అని ఒకటి ఉండచుట్టి చూడాలనిపించింది గానీ, అత్తగారు అక్కడే నిలబడి ఉన్నారు.

సాయంత్రం భార్య వచ్చి, మంచం మీద తీగల్లేకుండా, బోసి మెడతో పడుకున్న గిటారును చూసింది.

“మేస్త్రికి ఇవ్వమన్నానా లేదా?”

“రెండు రోజులు ఆగు. అన్ని చేతులూ పట్టుకు చూశాక...”

“అన్ని చేతులెందుకు? నా చెయ్యి ఉందిగా.”

“ఒక్క చేతిని బట్టి ఏం తేలుతుంది? మరీ చిన్న లెక్క అది.”

“వాయించేది ఆ ఒక్క చెయ్యేనండీ,” అంది ఆమె. వంటింట్లోంచి చీపురు కర్ర తెచ్చుకుని, కుర్చీలో కూర్చుని, దాని మీదే వేళ్లు కదిలిస్తూ రెండో పాట సాధన చేసింది. మాస్టారు నూనెకు ఎన్ని పూతలు వేయాలో కనుక్కుందామని మెట్ల దగ్గరికి వెళ్లి మేస్త్రికి ఫోన్ చేశారు.

మేస్త్రికి ఎవరో గుర్తు రాలేదు. మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది.

సరిగ్గా అప్పుడే రెండో అంతస్తు నుంచి సెక్రటరీ గారు పైకి వస్తున్నారు. ఆయన రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ ఎవరు ఎదురుపడినా టికెట్ లేకుండా ఎక్కినట్టే చూస్తారు. మలుపు దగ్గర ఆయన చెవిన పడిన మాటలివి:

“అవునండీ, మా ఆవిడదే. మెడ మొత్తం. పొరలు పొరలుగా ఊడింది... మధ్యలో మరీ ఘోరం, చెయ్యి పెడితే అంటుకుంటోంది... పాతదేనండీ, ఇరవై రెండేళ్లు బయటపడలేదు... గీకేశాను, ఇప్పుడు పచ్చిగా ఉంది... మంచం మీదే, తల కింద దిండు పెట్టాను... ఎలాగైనా శనివారానికి లేపి నిలబెట్టాలి.”

సెక్రటరీ గారు పైకి రాలేదు. అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి దిగి, తమ బాల్కనీలోకి వెళ్లి పైకి చూశారు. తీగ మీద పొడుగాటి గుడ్డ పేలికలు ఆరేసి ఉన్నాయి. వాటి మీద పసుపుపచ్చ మరకలు, గోధుమరంగు మరకలు. మెట్లలో స్పిరిట్ వాసన. రెయిలింగ్‌కు ఏదో మందు పూసి ఉంది.

“అంటుకుంటుందట,” అన్నారు ఆయన భార్యతో. “తన నోటితో తనే చెప్పాడు.”

ఆవిడ నాలుగో అంతస్తులోని దర్జీకి చెప్పింది. దర్జీ భార్యకు, ఆమె పక్కింటికి. మొదటి అంతస్తులో ఉండే లైబ్రేరియన్ దాకా వచ్చేసరికి మెడ కాస్తా వీపంతా అయింది.

మంగళవారం పొద్దున పూతలు ఆరాయని నిర్ధారించుకుని, మాస్టారు రెయిలింగ్‌కు ఒక కాగితం అంటించారు. ‘దయచేసి ముట్టుకోండి. ఏది బాగుందో చెప్పండి. మూడో అంతస్తు.’ తలుపు ఓరగా తీసి, పీట వేసుకుని, నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

మొదట దర్జీ వచ్చాడు. కుట్టిన తెల్లటి కర్టెన్లు రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని, అవతలి గోడకు వీపు ఆనించి, పీతలా పక్కకు నడుస్తూ దిగుతున్నాడు.

“ఏమయ్యా, ఒకసారి ఆ మూడో నంబరు మీద చెయ్యి వేసి చూడు.”

“వద్దు మాస్టారూ. పిల్లలున్నవాణ్ణి.”

కర్ర పూతకూ పిల్లలకూ సంబంధం ఏమిటో మాస్టారికి తట్టలేదు. తట్టని విషయం కాబట్టి రాసుకున్నారు.

“ఆవిడకి ఎలా ఉందండీ?” అన్నాడు దర్జీ, గోడను వదలకుండా.

“ఎవరికి, మా ఆవిడకా? పనికి వెళ్లింది.”

“పనికే వెళ్లారా?”

“రోజూ వెళ్తుందిగా.”

దర్జీ ఒక్క క్షణం నిలబడి, కర్టెన్లతో సహా మళ్లీ నాలుగో అంతస్తుకు ఎక్కేశాడు. తర్వాత వచ్చిన ఇల్లాలు చేతులు చంకల్లో దోపుకుని నడిచింది. మరొకాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని రెండేసి మెట్లు దాటేశాడు. పదిగంటలకు మాస్టారు నోట్‌బుక్‌లో ఐదు వరుసల్లోనూ సున్నాలు చుట్టారు. జనం మొహమాటపడుతున్నారేమోననుకుని పాత కాగితం తీసేసి, పెద్ద అక్షరాలతో కొత్తది పెట్టారు. ‘భయం లేదు. అందరూ ముట్టుకోండి.’

ఆ తర్వాత మెట్ల మీదికి పిట్ట కూడా రాలేదు.

ఇంతమంది ఒక వస్తువును ముట్టుకోకుండా ఉండటానికి కారణం ఏమై ఉంటుందన్న కొత్త ప్రశ్న మాస్టారిని పట్టుకుంది. పాతదానికన్నా ఇదే రసవత్తరంగా ఉందనిపించింది. రాత్రి భోజనం దగ్గర భార్యతో అదే చెప్పారు. ఆమె వినలేదు. “రేపు బుధవారం,” అంది అంతే.

కింద సెక్రటరీ గారి ఇంట్లో విషయం వేరే దారి పట్టింది. “రోగం ఉంటే ఇంట్లో ఉండాలి గానీ, పనికి వెళ్లడమేమిటి?” అన్నారాయన. “ఆమె చేసే పనేంటో తెలుసా? వచ్చినవాళ్ల చెవులకీ ముక్కుకీ కళ్లద్దాలు పెట్టడం. ఊరు ఊరంతా అంటిస్తుంది.” ఆయన చెడ్డమనిషి కాదు. మాస్టారంటే గౌరవమే. కానీ నలభై ఏళ్లు నియమం తప్పనివ్వని ప్రాణం ఊరుకోలేదు. ఆరోగ్యశాఖకు ఫోన్ చేశారు.

బుధవారం సాయంత్రం నాలుగింటికి హెల్త్ ఇన్‌స్పెక్టర్ వచ్చింది. ముప్పై ఏళ్ల మనిషి, చేతులకు గ్లౌజులు, చంకలో ఫారాల కట్ట. నాలుగు మెట్లు కింద సెక్రటరీ గారు, ఏడు మెట్లు పైన దర్జీ నిలబడ్డారు.

“మెడకి సంబంధించిన కేసు ఇక్కడేనాండీ?”

“ఇక్కడే,” అన్నారు మాస్టారు సంతోషంగా. మేస్త్రి పంపిన మనిషి అనుకున్నారు. “కేసు మంచం కింద ఉంది. మెడ మంచం మీద ఉంది.”

ఇన్‌స్పెక్టర్ కలం ఆగింది. “రెండూ విడివిడిగా ఉన్నాయా?”

“పూత వేసి ఆరేదాకా కేసులో పెట్టి మూత వేయకూడదు కదండీ.”

“ఎన్నాళ్లుగా ఉంది?”

“ఇరవై రెండేళ్లు అటక మీద ఉంది. ఈ మధ్యే దింపాం.”

“అటక మీద ఎందుకు పెట్టారు?”

“వాయించే తీరిక లేక.”

“పైనున్న పొర మీరే గీకారా? దేనితో?”

“గరుకు కాగితంతో. నూట ఇరవై నంబరుతో మొదలుపెట్టి, చివర్లో నాలుగొందలు.”

ఇన్‌స్పెక్టర్ పీట మీద కూర్చుండిపోయింది. లోపలి నుంచి అత్తగారు వచ్చి ఆమె చేతికి మంచినీళ్లు ఇచ్చారు. “బాబూ, ఈ అమ్మాయి మనిషి మెడ గురించి అడుగుతోంది. అమ్మా, మా అల్లుడు గిటారు మెడ గురించి చెబుతున్నారు. లోపలికి రా, చూద్దువు.”

అప్పుడే మెట్ల మీద గబగబా అడుగుల చప్పుడైంది. మాస్టారి భార్య వేళకు ముందే వచ్చేసింది. ఆమె ముఖం ఎర్రగా ఉంది.

“లైబ్రరీ నుంచి ఫోన్ చేశారు. పూర్తిగా తగ్గేదాకా విశ్రాంతి తీసుకోండి, శనివారం హాలు ఇవ్వలేం అన్నారు. ఏం తగ్గాలండీ? నా మెడకి ఏమైందట?”

సెక్రటరీ గారు ఒక మెట్టు దిగారు. ఆమె అందరినీ వరసగా చూసి, చివరికి భర్త దగ్గర ఆగింది. మాస్టారికి రెండు రోజుల సున్నాలూ ఒక్కసారిగా అర్థమయ్యాయి. కారణం తెలిసిన ఆనందం ముఖంలోకి వస్తుంటే, ఇది సమయం కాదని ఆపుకున్నారు.

ఇన్‌స్పెక్టర్ ముందు గిటారును చూసింది. తర్వాత, వచ్చినందుకు ఫారం నింపాలి కాబట్టి, గది తలుపు వేసి ఆమె మెడనూ చూసి, ‘ఆరోగ్యంగా ఉంది’ అని రాసి సంతకం చేసింది. ఆ కాగితాన్ని సెక్రటరీ గారు తీసుకుని, అలవాటుగా వెనకా ముందూ తిప్పి చూశారు.

“అంటుకుంటోంది అన్నారు కదండీ మీరు,” అన్నారు మాస్టారితో, నెమ్మదిగా.

“అంటుకుంటోంది మరి. పాత వార్నిష్ కదా.”

“తప్పు నాదేనమ్మా,” అన్నారాయన ఆమె వైపు తిరిగి. “లైబ్రేరియన్‌కి నేనే వెళ్లి చెప్తాను.” చెప్పినట్టే కిందికి వెళ్లి, లైబ్రేరియన్ పని నుంచి వచ్చేదాకా తలుపు ముందే నిలబడి, ఫారం చూపించి, హాలు మాట ఖాయం చేయించుకుని, ఆవిణ్ని వెంటబెట్టుకుని పైకి వచ్చారు.

ఈలోగా వెళ్లిపోబోతున్న ఇన్‌స్పెక్టర్ రెయిలింగ్ దగ్గర ఆగింది. “ఇవేంటండీ నంబర్లు?” మాస్టారు చెప్పారు. ఆమె గ్లౌజు ఊడదీసి, ఒకటి నుంచి ఐదు వరకు అరచేత్తో తడుముకుంటూ వెళ్లింది. వెనక్కి వచ్చి మళ్లీ తడిమింది. “నాలుగు,” అంది. “కాదు, ఉండండి.” మళ్లీ మొదలుపెట్టింది.

ఒక్క చెయ్యి పడింది, ఇక అందరి భయమూ పోయింది. పైనుంచి దర్జీ దిగాడు. “బట్ట పట్టే చేతికి తెలుస్తుంది, నన్ను చూడనివ్వండి. ఐదు. కళ్లు మూసుకుని చెప్తాను, ఐదే.” సెక్రటరీ గారు రెండు అన్నారు. “నలుగురూ పట్టుకునే చోట మెరుపుండాలి.” లైబ్రేరియన్ మూడు దగ్గర నిలబడిపోయి, పాత పుస్తకాల అట్టల్లా ఉందంది. అరగంటలో పన్నెండు కుటుంబాలూ మెట్ల మీదే ఉన్నాయి. ఐదువాళ్లకూ రెండువాళ్లకూ మాటామాటా పెరిగింది. ఒకటో నంబరు ఇంకా సరిగ్గా ఆరలేదని దర్జీ మెడలోని కొలత టేపు దానికి అతుక్కున్నాక గానీ తెలియలేదు. మొత్తం రెయిలింగ్‌కు ఏది వేయాలో తేల్చడానికి అక్కడికక్కడే సభ పెట్టారు. అధ్యక్షుడు సెక్రటరీ గారు. మాస్టారు ఒక్కో చేతిని అడిగి, ఆ మనిషి చేసే పని, చెమట పట్టే తీరు, గోళ్ల పొడవుతో సహా రాసుకుంటున్నారు. అంత సుఖం ఆయనకు ఎన్నేళ్లకో గానీ దొరకలేదు.

ఇంట్లో భార్య మంచం అంచున కూర్చుని ఉంది. హాలు దక్కింది, కానీ మెడ బోసిగానే ఉంది. పచ్చి కర్ర మీద బొటనవేలు పెట్టి జరిపింది. గరుగ్గా ఆగింది.

“ఆగేది వేలా, నేనా అమ్మా?” అంది. “ఇరవై రెండేళ్లు ముట్టుకోకపోతే చేతికే భయమేమో.”

అత్తగారు వంటింటి అల్మరా సర్దుతున్నారు. సీసాలు, బుడ్లు, గరుకు కాగితాలు అన్నీ మూడు రోజులుగా ఆవిడ డబ్బాల మధ్యే ఉన్నాయి. అందులోంచి ఒక సీసా, పాత మెత్తటి గుడ్డ తెచ్చి కూతురి ఒళ్లో పెట్టారు.

“భయమో కాదో రాశాక తెలుస్తుంది. రాయి.”

“ఇదేంటి?”

“కర్రకి రాసేదే. పల్చగా రాసి, మిగిలింది తుడిచెయ్యి.”

ఆమె రాసింది. కాసేపాగి తుడిచింది. కర్రలోని గీతలు మెల్లగా పైకి తేలాయి. గురువారం పొద్దున పనికి వెళ్లేముందు ఇంకో పూత రాసింది. మెట్ల మీద సభ రెండో రోజుకు చేరింది కాబట్టి ఎవరూ చూడలేదు. శుక్రవారం సాయంత్రం తీగలు బిగించి, రెండో పాట ఎత్తుకుని, చెయ్యి జార్చింది. తర్వాత గిటారు పక్కన పెట్టి, చాలాసేపు తన బొటనవేలినే చూసుకుంది.

శనివారం లైబ్రరీ హాలు నిండింది. భవనమంతా వచ్చింది. ఇన్‌స్పెక్టర్ కూడా వచ్చి వెనక వరుసలో కూర్చుంది. నలుగురు ఆడవాళ్లు స్టూళ్ల మీద కూర్చుని, మొదటి పాట కాస్త బిగుసుకుని పాడారు. రెండోది మొదలవగానే మూడో వరుసలో మాస్టారు కుర్చీ అంచుకు జరిగారు. ఆ చోటు వచ్చింది. ఆమె చేతివైపు చూడను కూడా లేదు. పక్కనున్న స్నేహితురాలిని చూసి నవ్వుతోంది. చెయ్యి కింది నుంచి పైకి నీటి మీద ఆకులా వెళ్లిపోయింది. మాస్టారి కళ్లు చెమర్చాయి. అది ఏ పూత అయి ఉంటుందన్న ప్రశ్న మూడో పాట మధ్యలో గానీ రాలేదు. వచ్చాక మాత్రం మిగతా పాటలు ఆయన సరిగా వినలేదు.

చప్పట్లు అయ్యాయో లేదో భార్య దగ్గరికి వెళ్లారు. “ఎంత బాగా వాయించావో. ఇంతకీ ఏం రాశావు? నాలుగా, ఐదా?”

“నాకు తెలీదండీ. అమ్మ ఇచ్చింది.”

అత్తగారు చేతిసంచి సర్దుకుంటున్నారు. “మీ సీసాలతో అల్మరాలో చోటు లేదు బాబూ. మిగిలినవన్నీ ఒకదాంట్లో పోసేశాను. నూనె, వార్నిష్, ఆ టర్పెంటైనూ కలిశాయి. మైనం గిన్నెలోనే గడ్డకట్టింది. మిగతా రెండూ పొసగలేదు, పారబోశాను.”

“ఎంతెంత పోశారు?”

“ఎంతుంటే అంత.”

“ముందు ఏది పోశారండీ?”

“చేతికి ఏది ముందు అందితే అది.”

“ఆ సీసాలో ఇంకా ఏమైనా మిగిలిందా?”

“పొద్దునే కడిగి బోర్లించాను,” అన్నారు అత్తగారు.

సోమవారం ఉదయం మాస్టారు మూడు సీసాలు, ఒక గరాటు తెచ్చి ఆవిడ ముందు పెట్టి, ఏమీ ఆలోచించకుండా ఇంకొక్కసారి అలాగే పోయమని అడిగారు. ఆలోచించి చెబుతానన్నారు అత్తగారు.